‘పొమ్మనుటే చాలు’నా, ‘పొమ్మనుటే చావు’నా?

కృష్ణలంక
అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. మా పాప తొమ్మిదో తరగతి. శనివారం బడిలో ‘ఉరిశిక్ష ఉండాలా, వద్దా’ అని వక్తృత్వ పోటీ. తను వద్దు అనే వైపు. మొదట్లో చెప్పడానికి బాగుంటుందని వేమన పద్యం ఒకటి రాసిచ్చాను, మా తాతగారు చదివినట్టే:

చంపదగినయట్టి శత్రువు తనచేత
జిక్కెనేని కీడు సేయరాదు
ఒసగ మేలు చేసి పొమ్మనుటే చావు
విశ్వదాభిరామ వినురవేమ

టీచరుగారు ‘చావు’ కొట్టేసి ‘చాలు’ అని దిద్దారు. తాతగారు మాత్రం ఆ మాట ముందు కాస్త ఆగి, గొంతు తగ్గించి ‘చావు’ అనేవారు. నా చెవిలో ఇప్పటికీ అదే ఉంది. ఏది సరైన పాఠం?

గురులఘువు
ముందు మూడో పాదం సరిచేసుకోండి. ‘ఒసగ’ కాదు, ‘పొసగ’. పొసగ – పొమ్మను అని యతి కుదరాలి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవాలి. ‘ఒసగ’ అంటే గణం నిలుస్తుంది కానీ యతి పోతుంది.

ఇక మీ ప్రశ్న. ‘టేచాలు’, ‘టేచావు’ రెండూ తగణాలే (గురువు, గురువు, లఘువు). యతి అక్కడికి రాదు, ఆటవెలదికి ప్రాస నియమం లేదు. కాబట్టి ఛందస్సు ఈ తగవులో సాక్ష్యం చెప్పదు. కొందరు ‘పొమ్మనుట చావు’ అని రాస్తుంటారు. అది మాత్రం కచ్చితంగా తప్పు. ‘టచావు’ జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో లేదు.

నా ఓటు ‘చాలు’కే. పద్యం సూటిగా నడుస్తోంది. కీడు చేయకు, మేలు చేసి పంపు, అంతే చాలు.

పాత పుస్తకం
గురులఘువు గారూ, వేమన్న మూడో పాదంలో సూటిగా నడిచేది ఎప్పుడండీ? ‘కంచు మోగునట్లు కనకంబు మోగునా’, ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’. రెండు పాదాలు మామూలుగా నడిపించి మూడోదాంట్లో దెబ్బ వేస్తాడు. ‘చాలు’ అంటే ఆ దెబ్బ ఎక్కడుంది? ‘పొమ్మనుటే’లో ఉన్న ‘ఏ’ని చూడండి. అది అవధారణ, అంటే నొక్కి చెప్పడం. ‘చంపాలనుకున్నావు కదా, ఇదే వాడికి చావు’ అని చెప్పడానికే ఆ ‘ఏ’. మొదటి పాదంలో ‘చంప’తో మొదలై మూడో పాదంలో ‘చావు’తో ముగియడం యాదృచ్ఛికం కాదు.

గురులఘువు
‘మీరు రావడమే చాలు, పదివేలు’ అని రోజూ అంటాం. ‘ఏ’ ఉంటే ‘చాలు’ రాకూడదని ఎక్కడా లేదు. ‘చంప’కీ ‘చావు’కీ జత కుదిరిందంటున్నారు. అంత చక్కగా కుదిరింది కాబట్టే నాకు అనుమానం. చదివిన వాళ్లెవరో తర్వాత దిద్ది ఉంటారు. వేమన పద్యాలు నోటి మీద బతికినవి. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసే నాటికే ఒక్కో పద్యానికి ఎన్నో రూపాలు.

అడయారు తెలుగు
చెన్నై నుంచి. ఇది చూడగానే నాకు తిరుక్కురళ్ 314 గుర్తొచ్చింది.

ఇన్నాసెయ్ దారై ఒఱుత్తల్ అవర్నాణ
నన్నయం సెయ్దు విడల్

కీడు చేసినవాళ్లను దండించడం అంటే, వాళ్లు సిగ్గుపడేలా మేలు చేసి వదిలేయడం. ‘ఒఱుత్తల్’ అంటే దండించడం. వళ్లువర్ దీన్ని క్షమ అనలేదు, దండన అన్నాడు. ‘అవర్ నాణ’, వాళ్లు సిగ్గుతో కుంగిపోయేలా. చివర ‘విడల్’, వదిలేయడం. మన ‘పొమ్మనుట’ అదే కదా! ‘చచ్చినంత పనైంది’ అని మనం అనేది సిగ్గు గురించే. ‘చావు’కే నా ఓటు.

పాత పుస్తకం
అదీ మాట! సుమతీ శతకంలోనూ ‘అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు’ ఎవరు? ‘నేర్పరి’. మంచివాడు అనలేదు, పుణ్యాత్ముడు అనలేదు. నేర్పు ఉన్నవాడు. పగ తీర్చుకోవడంలో కూడా నేర్పు ఉంటుందని మన పెద్దలకు తెలుసు.

పలుకుబడి
‘నెపమెన్నక’ను దాటేసి ‘నేర్పరి’ దగ్గరికి వెళ్లిపోయారు. ఎదుటివాడి తప్పు లెక్కపెట్టకుండా చేయాలి అంటున్నాడు. వాడు సిగ్గుతో చావాలని మేలు చేస్తే, తప్పు లెక్కపెట్టినట్టే కదా?

నాకు ఇక్కడ అసలు బాధ వేరే ఉంది. ‘చావు’ పాఠం ఒప్పుకుంటే ఈ పద్యం పగను వద్దనడం లేదు, పగకు మెరుగైన దారి చూపిస్తోంది. అప్పు తీర్చుకుంటాం, పగా తీర్చుకుంటాం. ఒకటే క్రియ. బాకీ ఏదో ఉంది, అది చెల్లాలి. ‘చావు’ అంటే బాకీ వేరే నాణెంలో వసూలైంది. ‘చాలు’ అంటే బాకీనే కొట్టేశారు. ఒక్క అక్షరంతో రెండు వేరు వేరు నీతులు. పాప వైపు వాదానికి పనికొచ్చేది ‘చాలు’ ఒక్కటే అని నాకు అనిపిస్తోంది.

కృష్ణలంక
పలుకుబడి గారూ, పాప కూడా రాత్రి ఇలాంటిదే అడిగింది. ‘వాడు సిగ్గుతో చచ్చిపోవాలనుకుంటే మనం వాణ్ణి క్షమించినట్టేనా అమ్మా’ అని. నా దగ్గర జవాబు లేదు.

పాత పుస్తకం
జవాబు పోతన దగ్గర ఉంది. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు గానీ, నాకు ఇరవై ఏళ్లుగా ఒక ఊహ ఉంది. భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామను కట్టి ఈడ్చుకొచ్చిన ఘట్టం చివర ఈ పద్యం చూడండి:

ధనముఁ గొనుట యొండెఁ దలఁ గొఱుగుట యొండె
నాలయంబు వెడల నడచుటొండెఁ
గాని చంపఁ దగిన కర్మంబు సేసినఁ
జంపఁ దగదు విప్రజాతిఁ బతికి

ఇదీ ఆటవెలదే. ఇక్కడా ‘చంపఁ దగిన’. ఇక్కడా ‘వెడల నడచుట’, అంటే పొమ్మనుట. సంస్కృత మూలంలో ఇంకా స్పష్టం. తల గొరగడం, ధనం లాక్కోవడం, ‘స్థానాన్నిర్యాపణం’, చోటు నుంచి వెళ్లగొట్టడం, ఇవే అలాంటివాడికి ‘వధః’ అన్నాడు వ్యాసుడు. ఒంటి మీద వేరే వధ లేదు. పొమ్మనుటే వధ! పొమ్మనుటే చావు! వేమన ఈ మాటను పట్టుకున్నాడని నా నమ్మకం.

గురులఘువు
పద్యం చక్కగా గుర్తుచేశారు. కానీ ‘విప్రజాతిఁ బతికి’ని వదిలేశారు. ఆ మినహాయింపు ఒక్క కులానికి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ అదే ఉంది, బ్రాహ్మణుడికి ప్రాణాంతక దండన బదులు తల గొరగడం, మిగతా వర్ణాలకు మాత్రం చావే. వేమన ‘శత్రువు’ అన్నాడు, ఎవరి కులమూ అడగలేదు. ఆ శ్లోకం నుంచి తీసుకున్నాడని మీరంటే, తీసుకుని దాని వెన్ను విరిచాడని నేనంటాను.

పాత పుస్తకం
అది నేను ఒప్పుకుంటాను. వెన్ను విరవడానికే తీసుకుని ఉండవచ్చు.

అయినా ఆ ఘట్టంలో ద్రౌపదిని చూడండి. అయిదుగురు పిల్లల్ని నిద్రలో నరికినవాడు ఎదురుగా ఉంటే తిట్టదు. ‘నీ చేతు లెట్లాడెనో’ అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఏడుపు ఉందో! తర్వాత వాడి తల్లి కృపి గుర్తొస్తుంది. తన కొడుకును ఇలా ఈడ్చుకొచ్చారని విని ఆమె ఎక్కడ ఎలా ఏడుస్తోందో అంటుంది. తనలాంటి ఏడుపు ఇంకో తల్లికి వద్దని. భీముడికి అది నచ్చదు. ‘వెఱ్ఱిది ద్రౌపది’ అంటాడు, మీరు చంపకపోతే నా పిడికిటి పోటుతో తల బద్దలుకొడతానంటాడు. పోతన ఇద్దరికీ సమానంగా గొంతు ఇచ్చాడు. భీముడి పద్యం చదువుతుంటే భీముడిదే న్యాయం అనిపిస్తుంది. అదే ఆయన గొప్పతనం.

అడయారు తెలుగు
భారతంలో ద్రౌపది వేరండీ. సౌప్తిక పర్వంలో అశ్వత్థామను చంపే దాకా అన్నం మానేసి ప్రాయోపవేశం చేస్తానని కూర్చుంటుంది, వాడి తలమణి తెచ్చి చూపించాలంటుంది. తిక్కన చెయ్యి పడ్డ పర్వం అది. ఒకే తల్లి, ఒకే దుఃఖం, రెండు తీర్పులు.

కోర్టుహాలు
ముప్పై ఏళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. పాఠాంతరాల సంగతి మీకు వదిలేస్తాను. మీరెవ్వరూ ఆగని మాట దగ్గర నేను ఆగుతాను. ‘తనచేత జిక్కెనేని’.

వేమన ‘శత్రువు ఎదురుపడితే’ అనలేదు. చేతికి చిక్కితే అన్నాడు. ఆత్మరక్షణ అయిపోయింది. వాడి దగ్గర కత్తి లేదు, పారిపోయే దారి లేదు. ఉరిశిక్ష పడిన ఖైదీ సరిగ్గా అదే. రాజ్యం చేతికి చిక్కి, గదిలో తాళం వేసి ఉన్నవాడు. ‘చంపదగినయట్టి’ అని వాడి నేరాన్ని వేమన ముందే ఒప్పుకున్నాడు, తగ్గించలేదు. కోర్టులో మా వాదన ఎప్పుడూ ‘తగినవాడా, కాదా’ దగ్గరే ఆగిపోతుంది. 1980లో సుప్రీంకోర్టు బచ్చన్ సింగ్ తీర్పు వచ్చాక ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసా కాదా అన్నదే తగవు. పోతన పద్యంలో ‘చంపఁ దగిన’, ‘చంపఁ దగదు’ ఒకే వాక్యంలో ఉన్నాయి, చూశారా? వాడు తగినవాడే కావచ్చు. మనం చేయతగిన పనేనా అన్నది రెండో ప్రశ్న. ఆ రెండో ‘తగు’ను ఎవరూ అడగరు.

నక్సలైటు ఉద్యమంలోని రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు, ఎమర్జెన్సీ రోజుల్లో. చిలకలూరిపేట బస్సు దహనం 1993లో, 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. చాలామంది పోరాడాక 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. 23 మంది సజీవంగా కాలిపోయిన నేరం చిన్నది కాదు. అయినా ఆ ఇద్దరి ప్రాణం నిలవడం మంచిదే అనుకుంటాను.

ఇంకో మాట. ‘క్షమాభిక్ష’ అంటాం. క్షమించాల్సింది దెబ్బతిన్నవాళ్లు. రాష్ట్రపతికి ఆ నేరస్తుడు ఏ కీడూ చేయలేదు. ద్రౌపది చేసినది క్షమ. సంతకంతో వచ్చేది భిక్ష. రెంటినీ ఒకే మాటలో అతికించేశాం.

పలుకుబడి
అతికించిన మాటల్లో ‘మరణశిక్ష’ కూడా ఉంది. శిక్ష అంటే మొదట నేర్పడం. వేదాంగాల్లో ఒకటి శిక్ష, శిక్షణలో ఇప్పటికీ ఆ అర్థమే బతికి ఉంది. చచ్చినవాడు ఏం నేర్చుకుంటాడు? ‘దండన’ అంటే సరిపోతుందేమో గానీ ‘శిక్ష’ అనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

గురులఘువు
మనం మళ్లీ మూడో పాదానికి రావాలి.

వంకగట్టు
కర్నూలు జిల్లా. ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఈ రోజు రాయాలనిపించింది.

మా జేజినాయన్ను పార్టీ గొడవల్లో నరికినారు. నేను అప్పటికి పుట్టలేదు. చంపినోళ్లలో ఒకాయన, ఏండ్లు గడిచినాక, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా ఇంటి అరుగు ముందర సొమ్మసిల్లి పడిపోయినాడు. ఇంట్లో మా జేజి, మా చిన్నాయన ఉన్నారు. చిన్నాయన చేతికి ఏం దొరికితే అది తీసుకొని లేచినాడంట. మా జేజి ఆయనకు అడ్డం పోయి, పడినాయన తల మీద నీళ్లు చల్లి, చెంబెడు మజ్జిగ తాపి, ‘ఇంక సాలు, పో నాయనా’ అనింది.

ఆ ‘సాలు’ ఎవురితో అనిందో మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. మా నాయన ఆయనతో అనింది అంటాడు. మా అత్త కాదు, చేతిలో కట్టె పట్టుకున్న చిన్నాయనతో అనింది అంటుంది.

ఆ మనిషి మళ్లా ఎప్పుడూ మా వీధిలో నడవలేదు. పొలానికి పోవాలంటే మా ఇంటి ముందర నుంచి దగ్గర దారి. అయినా వంక దిగి చుట్టు తిరిగి పోయేవాడు. వంకకు నీళ్లొచ్చినప్పుడు కూడా. ముసలోడై కట్టె పట్టుకున్నాక కూడా అట్లనే పోయేవాడు, నేను చూసినాను.

పాత పుస్తకం
వంకగట్టు గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆయన చుట్టూ తిరిగి వెళ్లిన ఆ దారి ‘చావు’ పాఠమే కదా.

పలుకుబడి
జేజి గారి నోట వచ్చింది మాత్రం ‘చాలు’. ఆయన సిగ్గుపడాలని ఆమె మజ్జిగ ఇవ్వలేదు. పడిపోయిన మనిషికి ఇచ్చింది. సిగ్గు ఆయన తెచ్చుకున్నది.

కృష్ణలంక
వంకగట్టు గారూ, మీ జేజి మాట పాపకు చదివి వినిపించాను. ‘పోటీలో చెప్పొచ్చా’ అని మిమ్మల్ని అడగమంది. ఊరు, పేర్లు ఏమీ చెప్పదు.

ఇంకో ప్రశ్న కూడా వేసింది. ‘ఉరి వద్దంటే యావజ్జీవం అంటారు. అప్పుడు కూడా వాణ్ణి ఎవరూ పొమ్మనరు కదా? మరి మూడో పాదం ఎవరు పాటించినట్టు?’ అని.

కోర్టుహాలు
అమ్మా, ఆ ప్రశ్న జడ్జి అడగాల్సింది. యావజ్జీవం రెండో పాదం దాకా తీసుకెళ్తుంది, ‘కీడు సేయరాదు’ దాకా. అదీ పూర్తిగా కాదు, జైలు కీడు కాదని ఎవరూ అనలేరు. ‘మేలు చేసి’ అన్న మాటకు మన చట్టంలో సెక్షన్ లేదు. పాపను ఆ ప్రశ్న అలాగే స్టేజి మీద అడిగేయమనండి.

వంకగట్టు
చెప్పమనండి. మా జేజికి చదువు రాదు. వింటే సంతోషపడేది.

పాత పుస్తకం
ఇప్పుడే మా నాన్నగారి నోటుబుక్కు వెతికి తీశాను. ఆయన చేతిరాతలో ఈ పద్యం ఉంది. నేను ఇన్నేళ్లూ ‘చావు’ అని ఉందనే అనుకుంటున్నాను. కానీ అక్కడున్నది ‘పొమ్మనుటే మేలు’.

గురులఘువు
‘టేమేలు’ కూడా తగణమే. గణాలు కుదిరాయి. కానీ ‘మేలు చేసి... మేలు’ అని ఒకే పాదంలో రెండుసార్లా? పునరుక్తి కాదా? ఆ పేజీ ఫోటో పెట్టండి. ‘మే’ మీద దిద్దుబాటు ఏమైనా ఉందేమో చూడాలి.

కృష్ణలంక
పాప రెండు మాటలూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ఏది చదివినా దానికి ముందు తాతగారు ఆగినంతసేపు ఆగమన్నాను.

గురులఘువు
‘టే’ తర్వాత ఆగమనండి, ‘టే’కు ముందు కాదు. పాత పుస్తకం గారూ, ఫోటో?