పులుసులకీ దమ్ బిర్యానీకీ ఎనామిల్ డచ్ ఓవెన్ కొనొచ్చా?

కొలంబస్ వంటిల్లు:
అందరికీ నమస్తే. థాంక్స్‌గివింగ్ సేల్ దగ్గర పడుతోంది, లె క్రూజే కంపెనీ 5.5 క్వార్టుల గుండ్రటి డచ్ ఓవెన్ (పేరుకి ఓవెన్ కానీ, ఎనామిల్ పూసిన పోత ఇనుము గిన్నె, బరువైన మూతతో) మీద ఎప్పటినుంచో మనసుంది. మామూలు రోజుల్లో 400 డాలర్ల పైనే ఉంటుంది కాబట్టి మా ఆయన "ఒక్క గిన్నెకి అంతా?" అంటున్నారు, ఆ మాటలోనూ న్యాయం ఉంది. మా ఇంట్లో వండేది ఎక్కువగా పప్పు, చేపల పులుసు, గోంగూర మటన్, శని ఆదివారాల్లో బిర్యానీ. ఇనప మూకుడు ఒకటి ఉంది. వేపుళ్లకి బంగారంలా ఉంటుంది కానీ చింతపండు పులుసు కాస్తే నల్లగా అయిపోయి ఇనుము వాసన వస్తోంది. స్టవ్ ఎలక్ట్రిక్, గ్లాస్ టాప్. ఈ డచ్ ఓవెన్‌లో పోపు పెట్టొచ్చా, పసుపు మరకలు పోతాయా, ప్రెషర్ కుక్కర్ ఉండగా ఇది నిజంగా అవసరమా? వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. వచ్చే నెల మా అమ్మ గుంటూరు నుంచి వస్తోంది, ఆవిడ కూడా వాడగలిగేలా ఉండాలి.

జెర్సీ పులుసు:
మీరు వండే లిస్టు చూస్తే ఇది మీకు బాగా పనికొస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. ఎనామిల్ అంటే గాజే. గాజు పొడిని పోత ఇనుము మీద పూసి 800 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాల్చి అతికిస్తారు, అందుకని చింతపండు గానీ టమాటా గానీ గోంగూర గానీ ఇనుమును తాకనే తాకవు. మన అమ్మమ్మలు పులుసుకి రాచ్చిప్ప ఎందుకు వాడేవాళ్లో గుర్తుందా? పులుపుకి లొంగదు, పొయ్యి దించాక కూడా చాలాసేపు సలసలా ఉడుకుతూనే ఉంటుంది. ఈ గిన్నె గుణం కూడా అదే. పులుసు కాస్త పల్చగా ఉండగానే స్టవ్ ఆపేసి మూత పెట్టండి, మిగతా పని అదే చూసుకుంటుంది.

గోంగూర మటన్ అయితే నా పద్ధతి ఇది: ఉల్లిపాయలు, మసాలా, మటన్ అన్నీ స్టవ్ మీద వేయించి, కాసిని నీళ్లు పోసి, మూత పెట్టి ఓవెన్‌లో 325 ఫారెన్‌హీట్‌లో వదిలేస్తాను. ఎముకతో ఉన్న మేక మాంసానికి రెండు గంటలు, ఒక్కోసారి రెండున్నర. గోంగూర విడిగా మగ్గబెట్టి చివర్లో కలుపుతాను. కుక్కర్‌లో మాంసం మెత్తబడుతుంది, నిజమే, కానీ విజిల్ కుక్కర్‌లో వచ్చే పులుసు పల్చగా ఉండి మళ్లీ ఇగరబెట్టాలి. ఓవెన్‌లో అన్ని వైపుల నుంచీ వేడి తగలడం వల్ల అడుగంటదు, గ్రేవీ దానంతట అదే చిక్కబడుతుంది.

ఇక పోపు. పెట్టొచ్చు, కానీ ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద కాల్చకూడదు. నూనె ముందే పోసి, మీడియం కంటే తక్కువలో మొదలుపెట్టి కొన్ని నిమిషాలు ఆగండి. ఇనుము వేడిని మెల్లగా పాకించే లోహం, తొందరపడితే బర్నర్ ఉన్నచోటే మాడి చుట్టూ చల్లగా ఉంటుంది. ఒకసారి వేడెక్కాక మాత్రం ఆవాలు మీడియంలోనే చిటపటలాడతాయి. ధనియాలు, మిరపకాయలు లాంటివి నూనె లేకుండా వేయించడానికి మీ ఇనప మూకుడే వాడండి. వేడి గిన్నెలో చన్నీళ్లు పోయకండి, గాజుకీ ఇనుముకీ మధ్య ఆ షాక్‌కే పగుళ్లు వస్తాయి.

టెక్సాస్ కందిపప్పు:
నేను కొంచెం వేరుగా చెప్తాను. పైన చెప్పినవన్నీ నిజమే కానీ వాటికి 400 డాలర్లు అక్కర్లేదండీ. లాడ్జ్ కంపెనీ ఎనామిల్ 6 క్వార్టులది మామూలుగా 100 డాలర్ల లోపే దొరుకుతుంది, పులుసు రెండింట్లోనూ ఒకేలా ఉడుకుతుంది. ఖరీదైనదాంట్లో మీకు వచ్చేది కొంచెం తక్కువ బరువు, పెద్ద చేతిపిడులు, నున్నగా ఎక్కువకాలం నిలిచే ఎనామిల్, వారంటీ. ఆ వారంటీ కూడా తయారీ లోపాలకే, కింద పడేసినా మాడ్చినా వర్తించదు. రోజూ వాడతాను, ఇరవై ఏళ్లు ఉంచుకుంటాను అనుకుంటే సరే, కొనండి. నెలకోసారి బిర్యానీకే అయితే మాత్రం ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. పప్పుకి దీన్ని అసలు లెక్కలో పెట్టుకోకండి, పప్పు కుక్కర్‌లోనే పెట్టాలి. అందులోనూ చింతపండు ముందే వేస్తే ఏ గిన్నెలోనైనా పప్పు ఉడకదు.

దమ్ ప్రియ, చికాగో:
బిర్యానీ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. 5.5 క్వార్టులంటే 5 లీటర్ల పైచిలుకు. అరకిలో మాంసం, అరకిలో బియ్యం హాయిగా పడతాయి. కిలోకి కిలో చేసే ఇల్లయితే 7 క్వార్టుల పైదే తీసుకోండి, లేకపోతే అన్నం మూతకి తగిలి మెతుకు నలిగిపోతుంది. బరువైన మూత కాబట్టి పిండి పెట్టి సీల్ చేయక్కర్లేదంటారు కానీ ఆవిరి కొంచెం పోతూనే ఉంటుంది, నేను మూత కింద ఒక ఫాయిల్ వేసి బిగిస్తాను. కచ్చి బిర్యానీకి మొదట స్టవ్ మీద అడుగు బాగా వేడెక్కనిచ్చి తర్వాత ఓవెన్‌లోకి మార్చండి, పెనం మీద గిన్నె పెట్టి కాపలా కాసే టెన్షన్ ఉండదు.

స్టౌబ్ కంపెనీది కూడా చూడండి. దాని లోపల నల్లటి ఎనామిల్, పసుపు మరక కనబడదు, మూత అడుగున చిన్న బొడిపెలుంటాయి, వాటి మీదుగా ఆవిరి నీళ్లై మళ్లీ కూర మీదే పడుతుంది. కాకపోతే ఉల్లిపాయ ఎంత రంగు తిరిగిందో నల్లటి అడుగులో తెలియడం కష్టం. ఆ ఒక్క కారణానికే నాకు లేత రంగు అడుగున్నదే ఇష్టం. మరకల గురించి బెంగ వద్దు, నీళ్లలో రెండు చెంచాల బేకింగ్ సోడా వేసి కాసేపు మరిగిస్తే చాలావరకు పోతాయి. మిగిలినా రుచికి ఏమీ కాదు. స్టీల్ పీచు మాత్రం ముట్టించకండి.

కొలంబస్ వంటిల్లు:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బరువు సంగతి కూడా చెప్పండి, అమ్మకి మణికట్టు నొప్పి. చేపల పులుసుకి ఇదే సైజు సరిపోతుందా?

జెర్సీ పులుసు:
మూతతో కలిపి 5 కిలోల పైనే, కూర నిండాక అమ్మగారు ఎత్తలేరు, ఎత్తనివ్వకండి కూడా. స్టవ్ మీదే ఉంచి చిన్న గిన్నెలోకి తోడుకోవడమే మార్గం. ఇంకో మాట, చేపల పులుసు మనం గరిటె పెట్టి కలపం కదా, గిన్నె రెండు వైపులా పట్టుకుని తిప్పుతాం. ఇంత బరువున్నదాన్ని గ్లాస్ టాప్ మీద అలా తిప్పితే స్టవ్‌కి గీతలు పడతాయి. అందుకని చేపలకి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న బ్రేజర్ అని ఇంకో రకం ఉంటుంది, అదే మేలు. ముక్కలన్నీ ఒకే వరుసలో పరుచుకుంటాయి, పులుసు గరిటెతో తీసి పైన పోస్తే చాలు. వారానికి రెండుసార్లు చేపలు తినే ఇల్లయితే నేను డచ్ ఓవెన్ కంటే ముందు అదే కొనమంటాను.

అమ్మగారికి ఇంకొకటి చెప్పి ఉంచండి. గరిటెకి అంటుకున్న కూరని గిన్నె అంచు మీద టకటకా కొట్టి దులుపుతారు చూడండి, మన ఇళ్లలో అందరికీ ఉన్న అలవాటే, స్టీల్ గరిటెతో అలా కొడితే అంచున ఎనామిల్ పెచ్చులూడుతుంది. చెక్క గరిటెలు రెండు కొని పక్కన పెట్టండి. పప్పుగుత్తి కూడా చెక్కదైతేనే.

టెక్సాస్ కందిపప్పు:
లె క్రూజేనే కావాలంటే వాళ్ల అవుట్‌లెట్ షాపులు కూడా చూడండి, పైన చిన్న మచ్చ ఉన్నవి తగ్గించి ఇస్తుంటారు, వంటకి తేడా ఏమీ ఉండదు. పాతది ఎవరి దగ్గరైనా కొంటే మాత్రం వెలుతురులో లోపల వేలితో తడిమి చూడండి. మరక ఉన్నా, గీతలున్నా పర్లేదు, లోపలి ఎనామిల్ ఎక్కడైనా ఊడి ఇనుము కనిపిస్తే వద్దు, చుట్టూ ఉన్న గాజు ఇంకా ఊడి కూరలో పడుతుంది. మూత అంచు వెంట సన్నగా తుప్పు ఉంటే అది వేరు, చాలా గిన్నెలకి అక్కడ ఇనుము బయటికే ఉంటుంది, తుడిచి కొంచెం నూనె రాస్తే చాలు.