వరద కబురు వస్తే ఇల్లు వదలాలా, మేడెక్కి కూర్చోవాలా?

పాయకాపురం అమ్మాయి:
అమ్మానాన్నలు విజయవాడ పాయకాపురంలో ఉంటారు. కింద రెండు గదులు, పైన అద్దెకిచ్చిన ఒక వాటా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్లు మంచం కోళ్ల దాకా వచ్చేశాయి. అద్దెకున్నవాళ్లు తలుపు తీసి పైకి రమ్మన్నారు. అయిదు రోజులు ఆ ఒక్క గదిలో తొమ్మిది మంది ఉన్నారు.

ఇప్పుడు గట్టిగా ముసురు పట్టిందంటే చాలు, ఇంట్లో ఇదే గొడవ. హెచ్చరిక రాగానే పటమటలో పిన్ని వాళ్లింటికి వెళ్లిపోండని నేనంటాను. నాన్నగారు వినరు. "అప్పుడు పైకెక్కాం కాబట్టే బతికాం. మళ్లీ వస్తే మళ్లీ పైకే" అంటారు. ఆయనకు 71 ఏళ్లు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేనుండేది హైదరాబాద్‌లో. వాన కబురు వచ్చిన ప్రతిసారీ టెన్షన్‌తో నిద్ర పట్టదు. ముంపు చూసినవాళ్లు చెప్పండి, ఎవరి మాట సరైనది?

సింగ్‌నగర్ పాతకాపు:
మీ నాన్నగారి మాటే సరైనదమ్మా. 2005 వరదలోనూ ఇక్కడే ఉన్నాను, 2024లోనూ ఇక్కడే ఉన్నాను. ఆ ఆదివారం మా వీధిలో అరగంటలో నీళ్లు మోకాలి నుంచి నడుము దాటాయి. బయటికి వెళ్దామని దిగినవాళ్లు పడ్డ అవస్థ నా కళ్లతో చూశాను. రోడ్డేదో కాలవేదో తెలియదు. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియదు. ఒకాయన పిల్లను భుజాన వేసుకుని ఫ్లైఓవర్ వైపు నడుస్తూ సైడు కాలవలో పడ్డాడు. తాడు విసిరి లాగాం.

పైన ఉన్నవాళ్లం ఆకలికి ఇబ్బంది పడ్డాం, నిజమే. హెలికాప్టర్లు, డ్రోన్లు పొట్లాలు వేశాయి. కొన్ని అందాయి, కొన్ని నీళ్లలో పడ్డాయి. పాల ప్యాకెట్ కోసం మేడల మీద నుంచి బకెట్లకు తాళ్లు కట్టి కిందికి దించాం. అయినా ప్రాణాలతో ఉన్నాం. 1908లో మూసీ పొంగినప్పుడు హైదరాబాద్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఎత్తు మీద ఉన్నవాడే బతుకుతాడు.

వార్డు నర్సు:
అన్నయ్యా, చెట్టెక్కినవాళ్లు ముందే బయటపడే దారి ఉన్నా చెట్టే మేలనుకుని ఎక్కలేదు. వేరే దారి లేక ఎక్కారు. ఆ తేడా మర్చిపోకండి.

నేను డయాలసిస్ వార్డులో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వారానికి రెండు మూడుసార్లు మిషన్ ఎక్కాలి. ఆ వారం ముంపు కాలనీల నుంచి రావాల్సినవాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఎవరి ఫోనూ మోగదు, అన్నీ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయాయి. నాలుగో రోజు పడవ మీద ఒకాయనను తీసుకొచ్చారు. కాళ్లు, మొహం ఉబ్బి, ఊపిరి అందక కూర్చోలేకపోతున్నారు. ఆయన ఇంట్లోకి చుక్క నీరు రాలేదు, ఉండేది రెండో అంతస్తు. మేడ ఆయన్ని నీళ్ల నుంచి కాపాడింది, జబ్బు నుంచి కాపాడలేదు.

అమ్మాయీ, మీ నాన్నగారు ఆ అయిదు రోజులు ఇన్సులిన్ ఎలా వేసుకున్నారో అడిగారా? కరెంటు లేదు, ఫ్రిజ్ నీళ్లలో ఉంది. ఇన్సులిన్‌ను తడిపిన మట్టికుండలో పెట్టి కొన్నాళ్లు కాపాడుకోవచ్చు. కానీ అది కింద గదిలోనే ఉండిపోతే ఏం చేస్తారు? ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, డయాలసిస్ వాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, మంచం దిగలేని పెద్దవాళ్లు ఉన్న ఇల్లు ముందే ఖాళీ చేయాలి. దీనిలో నాకు రెండో మాట లేదు.

రిటైర్డ్ లైన్‌మన్:
ఉండేవాళ్లయినా వెళ్లేవాళ్లయినా ఈ ఒక్క సంగతి వినండి. నీళ్లు గడప దాటకముందే మెయిన్ ఆఫ్ చేయాలి. మీటర్ బోర్డు దగ్గర నీళ్లు నిలిచాక, తడి కాళ్లతో వెళ్లి దాన్ని ముట్టుకోకూడదు. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. వీధిలో కరెంటు తీసేసినా ఇన్వర్టర్ నుంచి ఇంటి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్నీ ఆపాలి. వీలుంటే ముందే పైకి మార్పించుకోవాలి.

సంపు మోటారుకూ ఇదే జాగ్రత్త. నీళ్లు తగ్గాక ఆత్రంగా స్విచ్ వేసి చూడకండి. గోడల్లో చెమ్మ ఆరేదాకా ఆగి, ఎలక్ట్రీషియన్ చేత చూపించుకున్నాకే వేయండి. అపార్ట్‌మెంట్ల వాళ్లు సెల్లార్‌లో బండి మునుగుతోందని దిగకండి. లిఫ్టు అసలు వాడకండి. ఈ ఉద్యోగంలో శవాలను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీర్‌పేట్ నుంచి:
మేడ అన్నిచోట్లా క్షేమం కాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కుండపోత కురిసినప్పుడు బండ్లగూడలో పెద్ద ప్రహరీ గోడ పక్క ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. 2024 ఆగస్టు 31న మీ విజయవాడలోనే మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి. అక్కడ పై అంతస్తు ఏం కాపాడుతుంది? కొండ కింద, పాత రాతిగోడ పక్కన, చెరువు కట్ట కింద ఉన్నవాళ్లు వాన గట్టిపడగానే కదలాలి.

కదిలేటప్పుడు కారును నమ్ముకోవద్దు. జోరుగా పారే నీళ్లు జానెడు లోతున్నా నిలబడ్డ మనిషిని పడేస్తాయి. రెండడుగులుంటే చాలా కార్లను తేల్చి ఈడ్చుకుపోతాయి.

సింగ్‌నగర్ పాతకాపు:
నర్సమ్మ చెప్పిన డయాలసిస్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కానీ "ముందే వెళ్లండి" అనడం తేలిక. ఆ శనివారం రాత్రి మాకు ఎవరు చెప్పారు? మైకులో ఒక్క మాట వినలేదు. పడుకున్నాం, లేచేసరికి నీళ్లు. పోనీ వెళ్తే ఎక్కడికి? చుట్టాలందరికీ పక్క గది ఉండదు. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు బాత్రూమ్ సరిగ్గా ఉండదని వయసొచ్చిన కూతుర్లున్నవాళ్లు వెనకాడతారు. మనిషి ఇంటిని పట్టుకుని ఉండేది మొండితనంతో కాదు.

కాలవ గట్టు:
నీటిపారుదల పనుల్లో చాలా ఏళ్లు ఉన్నాను. హెచ్చరిక రాలేదన్న పాతకాపు గారి బాధ న్యాయమైనదే. అది చెప్పాల్సినవాళ్ల తప్పు. అయితే బుడమేరు రాకను కొంతవరకు మనమూ కనిపెట్టవచ్చు.

మైలవరం కొండల నీళ్లు బుడమేరులో వెలగలేరు రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్లు) దగ్గరికి వస్తాయి. అక్కడి నుంచి డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలో కలవాలి. కృష్ణే నిండుగా ఉంటే కాలవ నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. కాలవ కట్టకు గండ్లు పడ్డాయి, నీళ్లు ఊరి మీదికొచ్చాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది, వారం పట్టింది.

కాబట్టి మీ వీధిలో వాన ఎంత పడిందన్నది కాదు చూడాల్సింది. మైలవరం వైపు కుండపోత పడుతోందా, బ్యారేజీ దగ్గర ఏ హెచ్చరిక ఉంది, ఈ రెండూ చూడండి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. రెండోది వచ్చి, పైన వాన ఆగలేదంటే పాయకాపురం, సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వాళ్లు పగలుండగానే, రోడ్డు పొడిగా ఉండగానే బయల్దేరాలి. ఆ సమయం దాటిపోయి వీధిలో నీళ్లు పారుతుంటే మాత్రం పాతకాపు గారి మాటే నా మాట. దిగొద్దు, పైకి వెళ్లి 112కి ఫోన్ చేయండి.

పాయకాపురం అమ్మాయి:
అందరికీ నమస్కారాలు. నర్సు గారు అడగమన్నది రాత్రి నాన్నగారిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, మూడు రోజులు ఇన్సులిన్ లేదట. నేను కంగారుపడతానని అమ్మ ఇన్నాళ్లూ దాచింది. నాలుగో రోజు పడవలో వచ్చిన కుర్రాళ్లు తెచ్చిచ్చారట.

కాలవ గట్టు గారు చెప్పిన రెండు అంకెలూ నాన్నగారి చేతే ఫోన్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాయించాను. "రెండోది దాటితే పటమట వెళ్తాను, మొదటిదానికి మాత్రం కదలను" అన్నారు. నేను ఒప్పుకున్నాను. మందులు, ఆధార్, ఇంటి కాగితాలు ఒక సంచిలో పెట్టి పై వాటాలో ఉంచమన్నాను. ఇన్వర్టర్ పైకి మార్చడానికి ఆదివారం మనిషిని పిలిచారు.

పాతకాపు గారూ, మీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే చెప్పండి. పిన్ని వాళ్లింట్లో ఇంకో ఇద్దరికి చోటుంది, అడిగే చెబుతున్నాను.