‘మ్రాన్పడటం’ దుఃఖానికేనా?

నిన్న పొద్దున అడవంచు కాలిబాటన నడుస్తూ నాకు బాగా ఇష్టమైన నల్లమద్ది దగ్గర ఆగాను. దాని బెరడు మొసలి వీపులా పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది, చెయ్యి ఆనించకుండా దాటిపోలేను. చెయ్యి చాపానో లేదో, తొర్ర అంచున బెరడు ముక్క అనుకున్నది కళ్లు తెరిచింది. చిన్న గుడ్లగూబ! అది కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇంటికొచ్చి డైరీలో ‘మ్రాన్పడిపోయాను’ అని రాసుకున్నాను. మా అక్క చదివి, “చావుకబురు విన్నట్టు రాశావేంటి?” అంది.

నాకైతే ఆ మాటే సరైనదనిపిస్తోంది. మ్రాను అంటే చెట్టే కదా. తమిళంలో మరం, కన్నడంలో మర, మనకు మ్రాను. ప్రొద్దు పొద్దయినట్టు, త్రాడు తాడయినట్టు అదీ మాను అయింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నప్పుడు ఆ రకారం వినిపించదు, మ్రాన్పడటంలో మాత్రం ఇంకా పట్టుకుని ఉంది. చెట్టులా నిలబడిపోయామనే ఆ మాట చెబుతోంది. భయంతోనా, ఆనందంతోనా అన్నది అందులో లేదు. మీరేమంటారు?

— అర్థం మీరన్నదేనండీ. కానీ వాడుక కూడా చూడాలి కదా. కథల్లో ఎక్కువగా పిడుగులాంటి వార్త విన్నవాళ్లే మ్రాన్పడతారు. మీ సందర్భానికి ‘మైమరచిపోయాను’ సరిపోదా?

— సరిపోదండీ. మైమరపులో ఒళ్లు తెలియదు. వీరు ఒళ్లంతా కళ్లు చేసుకుని చూశారు. ఇలాంటివి మనకు మూడున్నాయి: కొయ్యబారడం, స్థాణువవడం, మ్రాన్పడటం. కొయ్య అనగానే నాకు నరికిన కర్ర గుర్తొస్తుంది. స్థాణువంటే కొమ్మలు పోయిన మోడు. ఆ రెండిట్లో ప్రాణం లేదు. మ్రాను అన్నది ఆకులతో, పిట్టలతో నిండుగా ఉన్న చెట్టుకు కూడా చెల్లుతుంది. చెడువార్తకు ఆ రెండూ చాలు, దీన్ని ఆశ్చర్యానికి కూడా వదలండి.

— కొయ్యకూ మ్రానుకూ ఉన్న ఈ తేడా నాకు తట్టనే లేదు, చాలా సంతోషమండీ. ఇంకొకటి. ఆ గుడ్లగూబ కూడా కదలకుండా ఉన్నంతసేపే బెరడులో కలిసిపోతుంది. కళ్లు తెరవకపోతే నాకు కనిపించేదే కాదు. అందుకని డైరీలో మాట కొట్టేయకుండా పక్కనే ఇంకో వాక్యం చేర్చాను: ‘అదీ మ్రాన్పడింది.’