ముఖాన్ని చప్పున పట్టేసే శక్తి పుట్టుకతో వచ్చిందా, అలవాటుతోనా?

పటమట కుర్రోడు:
పండగ ముందురోజు బీసెంట్ రోడ్డులో ఎటు చూసినా తలలే. అయినా ముఖాలను వెతుక్కోనక్కర్లేదు, అవే కంటికి తగులుతాయి. రెండు ఫొటోలు పక్కపక్కన చూపించి ముఖమున్న వైపు చూడమంటే, సెకనులో పదో వంతుకే కన్ను అటు కదిలిపోతుంది. 170 మిల్లీసెకన్ల దగ్గర మెదడు తరంగాల్లో ముఖాలకు పెద్ద స్పందన కనిపిస్తుంది. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం మెదడు అడుగు భాగంలో, ముఖ్యంగా కుడివైపు, ముఖాలకు గట్టిగా స్పందించే చిన్న చోటును గుర్తించింది. ఇంత పక్కాగా ఉందంటే పుట్టుకతో వచ్చిందే. నా ఓటు దానికే.

యార్డు గుమస్తా:
వేగంగా జరిగితే పుట్టుకతో వచ్చినట్టేనా? మా గుంటూరు మిర్చి యార్డుకి రండి. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీయగానే అది తేజానా, 334నా, తాలు ఎంత కలిసిందో పాత వ్యాపారి చెప్పేస్తాడు. మిరపకాయల కోసం వేరే మెదడుతో పుట్టాడా ఆయన? 2000లో ఇసబెల్ గోతియే బృందం పక్షుల నిపుణులనూ కార్ల నిపుణులనూ స్కాన్ చేసింది. ఎవరి సబ్జెక్టు వాళ్లకు చూపిస్తే అదే చోట స్పందన పెరిగింది. ముఖాల విషయంలో మనమంతా నిపుణులమే, అంతే తేడా.

పటమట కుర్రోడు:
పెరిగింది, సరే. ముఖాలకు వచ్చినంత వచ్చిందా? 1993లో మెక్‌నీల్, వారింగ్టన్ రాసిన కేసు చూడు గురూ. స్ట్రోక్ వచ్చాక ఒకాయన మనుషుల ముఖాలు గుర్తుపట్టలేకపోయాడు. ఆ తర్వాతే గొర్రెల పెంపకం మొదలుపెట్టి, ఏ గొర్రె ఏదో ముఖం చూసి చెప్పేవాడు! నైపుణ్యమంతా ఒకే చోట ఉంటే ఇదెలా కుదిరింది?

బ్రాడీపేట టీచర్:
మీరిద్దరూ రెండు పనుల్ని కలిపేస్తున్నారు. ముఖం ఉందని పట్టడం వేరు, అది ఎవరిదో చెప్పడం వేరు. కడుతున్న ఇంటికి వేలాడదీసిన గుమ్మడికాయ మీద రెండు కళ్లు, నోరు గీస్తే చాలు, దిష్టిబొమ్మ మనల్నే చూస్తున్నట్టుంటుంది. అక్కడ ఎవరినీ గుర్తుపట్టడం లేదుగా! 1991లో జాన్సన్ బృందం పుట్టి గంటైనా కాని పసిబిడ్డల ముందు బొమ్మలు కదిపింది. కళ్లు, ముక్కు, నోరు చెల్లాచెదురుగా ఉన్నదానికన్నా సరైన చోట ఉన్న బొమ్మనే వాళ్లు ఎక్కువ దూరం అనుసరించారు. గంటలో అలవాటేం అవుతుంది? గొర్రెలాయన కేసు, కార్ల నిపుణుల స్కాన్ రెండూ ఎవరు, ఏది అని గుర్తుపట్టే సంగతులు. అక్కడ గుమస్తాగారి మాటకు బలముంది, ఒప్పుకుంటాను.

యార్డు గుమస్తా:
టీచరుగారూ, మరి 2017లో మార్గరెట్ లివింగ్‌స్టన్ ల్యాబ్ సంగతి? పెంచేవాళ్లు వెల్డింగ్ మాస్కులు పెట్టుకుని, కోతిపిల్లలకు ముఖమన్నదే కనబడకుండా పెంచారు. వాటి మెదడులో ముఖాల చోట్లు ఏర్పడలేదు, చేతులకు మాత్రం ఏర్పడ్డాయి. ముఖాలకన్నా చేతుల వైపే ఎక్కువ చూసేవి. ముఖం ఉందని పట్టడం కూడా పోయినట్టేగా!

బ్రాడీపేట టీచర్:
2008లో జపాన్‌లో సుగితా కూడా అలాగే ముఖాలు చూపకుండా పెంచాడండీ. ఆ కోతులు మాత్రం మొదటిసారి చూపించినప్పుడే వస్తువులకన్నా ముఖాల వైపే మొగ్గాయి.

యార్డు గుమస్తా:
కంటితో చూడకపోయినా తమ ముఖాన్ని తామే తడుముకుని ఉంటాయిగా.

పటమట కుర్రోడు:
అయితే లివింగ్‌స్టన్ కోతులకూ చేతులున్నాయి కదా గురూ!