పొడపత్రి వాడితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?

గాజువాక అబ్బాయి: నాన్నగారు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. ఎవరో పూర్ణా మార్కెట్ నుంచి పొడపత్రి ఆకు తెచ్చిచ్చారు, ఎలుకల్లో షుగర్ తగ్గిందట, ఇక మాత్రలు మానేస్తానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మసీ స్టూడెంట్: మాత్రలు ఆపనివ్వకండి ప్లీజ్. ఆ ఎలుకలకి ముందు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఎక్కించి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను పాడుచేసి షుగర్ తెప్పిస్తారు, ఆ తర్వాత ఆకు సారం తాగించి గ్లూకోజ్ కొలుస్తారు. మనుషుల్లో ఎక్కువగా కనిపించే టైప్ 2 షుగర్ అలా రాదు, ఒళ్లు ఇన్సులిన్‌కి సరిగా స్పందించక ఏళ్ల తరబడి ముదురుతుంది. పైగా నీళ్లలో తీసిన సారం, ఆల్కహాల్‌లో తీసిన సారం ఒకటి కావు, వాటిలోకి దిగే పదార్థాలే వేరు. ఇంట్లో కాచిన కషాయంలో మోతాదు ఎలా తేలుతుంది?

సీతమ్మధార అక్క: ఆకు నమిలితే కాసేపు తీపి తెలియదు తమ్ముడూ, అది నిజమే. ఆకులో ఉండే జిమ్నెమిక్ ఆమ్లాల వల్ల. కానీ నాలుక సంగతి వేరు, రక్తం సంగతి వేరు.

గాజువాక అబ్బాయి: అయితే మొక్కల మందులన్నీ వృథాయేనా?

ఫార్మసీ స్టూడెంట్: అస్సలు కాదండీ! మెట్‌ఫార్మిన్ మూలం కూడా గలేగా మొక్కలోని గలెగిన్ అనే పదార్థమే, ఎన్నో మార్పులు, పరీక్షలు దాటి 1957లో ఫ్రాన్స్‌లో షుగర్ మందుగా నిలిచింది. నాన్నగారికి ఇది చెప్పండి. ఆకు వాడాలనే ఉంటే డాక్టరుకి చెప్పే వాడాలి, రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి.