ఇంట్లో స్విమ్ స్పా: నీళ్ళు ఎంత లోతు ఉండాలి?

పద్మావతీపురం నివాసి:
మా ఇంటి వెనుక ఖాళీ స్థలంలో స్విమ్ స్పా, అంటే ఎదురు ప్రవాహంలో ఉన్నచోటనే ఈదే తొట్టి, పెట్టించాలని నిర్ణయించుకున్నాము. దాదాపు 15 అడుగుల పొడవు, 7 అడుగుల పైచిలుకు వెడల్పు అని తేలిపోయింది కానీ, లోతు దగ్గర ఇంట్లో ఏకాభిప్రాయం కుదరడం లేదు. విక్రేత దగ్గర 4, 4½, 5 అడుగుల తొట్లు ఉన్నాయి. మా అమ్మ ఎత్తు 5 అడుగులు. మోకాళ్ళ నొప్పుల కారణంగా నీళ్ళలో నడవమని వైద్యులు సూచించారు, ఆమెకు ఈత రాదు. మా అబ్బాయి 5 అడుగుల 10 అంగుళాలు ఉంటాడు, ఈత పోటీలకు సాధన చేస్తున్నాడు, అన్నిటికన్నా లోతైనదే కావాలంటున్నాడు. ఇద్దరికీ పనికివచ్చే లోతు ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

తిరుచానూరు రోడ్డు వాసి:
ముందుగా ఒక విషయం తేల్చుకోండి. విక్రేతలు చెప్పే 4, 4½, 5 అడుగులు సాధారణంగా తొట్టి బయటి గోడ ఎత్తు, నీటి లోతు కాదు. అడుగుభాగపు మందం, పైన అంచు, నీళ్ళు ఒలికిపోకుండా వదిలే ఖాళీ తీసివేస్తే నీటి లోతు సుమారు 6 నుంచి 9 అంగుళాలు తగ్గుతుంది. అంటే 4 అడుగుల తొట్టిలో నీళ్ళు దాదాపు 100 సెంటీమీటర్లు, 4½ అడుగుల దానిలో 115 నుంచి 120, 5 అడుగుల దానిలో 130 నుంచి 135 సెంటీమీటర్లు ఉంటాయని అనుకోవచ్చు. నేల నుంచి నీటిమట్టం వరకు ఎంత ఉంటుందో కాగితం మీద రాయించుకోండి.

లోతైన తొట్టి కొని, అమ్మగారు దిగేటప్పుడు నీళ్ళు తగ్గించుకుందామని కొందరు ఆలోచిస్తారు. అది కుదరదు. పైమట్టం నుంచి నీటిని లాగే స్కిమ్మర్ మునిగి ఉండాలి. మట్టం దానికన్నా దిగితే పంపు గాలిని లాగుతుంది, మోటారు చెడిపోతుంది. మీ చేతిలో ఉండే తేడా రెండు మూడు అంగుళాలకు మించదు.

కొర్లగుంట ఫిజియోథెరపిస్టు:
వృత్తిరీత్యా మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని నీళ్ళలో నడిపిస్తుంటాను కాబట్టి వారి వైపు నుంచి చెబుతాను. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. రొమ్ము లోతుకు వచ్చేసరికి అది మూడో వంతుకు చేరుతుంది, మెడ లోతులో పదో వంతే మిగులుతుంది. అయితే మెడ లోతే అన్నిటికన్నా మంచిదని అనుకోకూడదు. బరువు అంతగా తగ్గినప్పుడు పాదం నేలను పట్టుకోదు, అడుగు వేయబోతే శరీరం తేలిపోతుంది, నడక నడకగా ఉండదు. పైగా నీటి ఒత్తిడికి రక్తం ఛాతీ వైపు చేరుతుంది, ఊపిరి తీసుకోవడం కొంచెం బరువవుతుంది. గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా అంత లోతులో దిగరాదు.

మీ అమ్మగారి ఎత్తుకు రొమ్ము ఎముక కింది కొస సుమారు 108 సెంటీమీటర్ల దగ్గర, గడ్డం సుమారు 132 దగ్గర ఉంటాయి. 5 అడుగుల తొట్టిలో నీళ్ళు ఆమె గడ్డాన్ని తాకుతాయి. ఈత రాని మనిషిని, ఎదురు ప్రవాహం పుట్టే తొట్టిలో, గడ్డం లోతులో నిలబెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. 4½ అడుగుల తొట్టిలో నీళ్ళు రొమ్ము దాటి భుజాలకు కొంచెం కిందనే ఆగుతాయి, గోడకు పట్టుకునే కడ్డీ ఉంటే ధైర్యంగా నడవగలరు. 4 అడుగులదైతే బొడ్డు పైకి వస్తాయి. అది కూడా నడకకు చాలినంతే, కానీ మోకాళ్ళకు అందే ఊరట తక్కువ.

లోతుతో పాటు చదునైన నేల ఎంత పొడవు మిగులుతుందో కూడా చూడండి. కూర్చునే గట్లు, లోపలి మెట్లు పోగా మిగిలినదే నడవడానికి పనికివస్తుంది. వీలైతే చెన్నైలోనో బెంగళూరులోనో నీళ్ళు నింపి ఉంచిన నమూనాలో ఆమెను ఒకసారి నిలబెట్టి చూడటం ఎన్ని లెక్కలకన్నా మేలు.

చంద్రగిరి ఈతగాడు:
మా వైపు వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నవారందరికీ లోతు ఎంత ఉంటే ఈత అంత హాయి అనే నమ్మకం ఉంటుంది, మీ అబ్బాయి కోరిక నాకు అర్థమవుతోంది. కానీ బావిలో పైనుంచి దూకుతాము, నిలువు లోతుకు మునుగుతాము. స్విమ్ స్పాలో ఆ రెండూ లేవు, దూకడం పూర్తిగా నిషిద్ధం. అక్కడ నీటి పైభాగంలో పడుకుని, ఎదురుగా వచ్చే ప్రవాహంతో ఉన్నచోటనే ఈదుతాము. ఫ్రీస్టయిల్‌లో పొడగరి చేయి కిందికి వెళ్ళేది సుమారు 60 నుంచి 75 సెంటీమీటర్లు. 115 సెంటీమీటర్ల నీటిలో ఆ చేతికింద ఇంకా 40 సెంటీమీటర్లు మిగులుతాయి. ప్రపంచ ఈత సమాఖ్య నియమాల్లో కూడా దూకే గట్టు ముందున్న 6 మీటర్ల వరకు 1.35 మీటర్లు తప్పనిసరి, మిగతా చోట కనీసం 1 మీటరు ఉంటే సరిపోతుంది.

సాధనకు లోతుకన్నా ప్రవాహపు నాణ్యత చాలా ముఖ్యం. సన్నని జెట్ల నుంచి వేగంగా వచ్చే నీరు నురగతో ముఖానికి కొడుతుంది, చేతులు నీటిని సరిగా పట్టవు. వెడల్పైన ప్రొపెల్లర్ తోసే నీరు బావి కాలువలాగా సమంగా సాగుతుంది. అదనపు లోతుకు పెట్టే డబ్బును ప్రవాహానికి పెట్టమని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
మాకు నేల మీద స్థలం లేదు. మిద్దె మీద 4 అడుగులదైనా పెట్టుకోవచ్చునా?

సివిల్ ఇంజనీరు, రేణిగుంట:
ఉన్న మిద్దె మీద పెట్టకండి. కట్టడాల మీద పడే బరువులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనుషులు తిరిగే చదునైన పైకప్పుకు లెక్కకట్టే బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు. 1 మీటరు లోతు నీళ్ళు ఒక్కటే చదరపు మీటరుకు 1,000 కిలోలు తూగుతాయి; తొట్టి, మనుషులు దానికి అదనం. స్తంభాల దగ్గర నుంచి ఆ బరువుకే కట్టిన కొత్త కట్టడమైతే వేరే మాట.

పద్మావతీపురం వారు అడిగిన కొలతకు, అంటే సుమారు 4.5 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పుకు, ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు దాదాపు 1,000 లీటర్లు పెరుగుతాయి. ఆవిరయ్యే నీరు ఉపరితలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది పెరగదు, కానీ క్లోరిన్ మోతాదు, చల్లబరిచే ఖర్చు పెరుగుతాయి. మన ఎండాకాలంలో వేడిచేయడం కన్నా చల్లబరచడమే పని, చల్లబరిచే వసతి ఉన్న హీట్ పంపు తీసుకోవాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే పైపుల్లో పేరుకుంటుంది, నింపేముందు కాఠిన్యం పరీక్ష చేయించండి.

పద్మావతీపురం నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. 4½ అడుగుల తొట్టి వైపే మొగ్గుతున్నాము. అమ్మ నాలుగున్నర అడుగుల గోడ ఎక్కలేరు కాబట్టి సగం నేలలోకి దించి పెట్టించాలనుకుంటున్నాము. సెలవులకు మా అక్క పిల్లలు వస్తారు, వారికి అది ప్రమాదమా?

సివిల్ ఇంజనీరు, రేణిగుంట:
అంచు నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉండేలా దించితే పెద్దవారు దానిమీద కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. కానీ గుంతను తొట్టికి సరిగ్గా అతుక్కునేలా తవ్వకూడదు. పంపులున్న వైపు మనిషి దిగి పనిచేసేంత, కనీసం 2 నుంచి 3 అడుగుల ఖాళీ వదలాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇక్కడ పడే వానను తక్కువగా అంచనా వేయకండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాము. గుంత అడుగు కాంక్రీటుతో వేసి, వాలు ఇచ్చి, ఒక మూల చిన్న గొయ్యిలో నీళ్ళు తోడే మోటారు పెట్టాలి. లేకపోతే మొదట మునిగేవి తొట్టి పంపులే.

తిరుచానూరు రోడ్డు వాసి:
పిల్లల సంగతికి వస్తే, అమ్మగారికి సులభమైన ఎత్తే మూడేళ్ళ పిల్లవాడికీ సులభమైన ఎత్తు. చిన్నపిల్లలకు 4 అడుగుల నీళ్ళూ 5 అడుగుల నీళ్ళూ ఒక్కటే, లోతు తగ్గించి భద్రత కొనలేము. తాళం పడే గట్టి మూతను తొట్టితో పాటే కొనండి, గుంత చుట్టూ 4 అడుగుల కంచె, దానంతట అదే మూసుకుని గడియ పైభాగాన పడే గేటు పెట్టించండి, బయటి మెట్లు వాడనప్పుడు తీసి లోపల పెట్టుకునే రకం ఎంచుకోండి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఈత వచ్చిన పెద్దవారు ఒకరు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి.