టోల్కా అంటే వెల్లువ

వాగుకీ ఏటికీ తేడా ఏమిటని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. అప్పటినుంచి మా ఇంటి దగ్గర పారే టోల్కా గుర్తొస్తూనే ఉంది. మేముండేది ఐర్లండ్‌లో, డబ్లిన్ పడమటి శివారులో. క్లోనీ, బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. అందరం రోజూ వంతెన మీద దాన్ని దాటుతాం కానీ, పేరుకు అర్థం ఏమిటని అడిగినవాళ్లు తక్కువ.

ఐరిష్‌లో దాన్ని 'అన్ తొల్కా' అంటారు. ఇంగ్లీషువాళ్ల 'ట' కాదు, నాలుక పళ్లకు తగిలే మన 'త'కు దగ్గరి పలుకు. ఐరిష్‌లో 'తుల్కా' అంటే ఒక్కసారిగా ఉరికి వచ్చే నీళ్లు. వెల్లువ అన్నమాట. మీత్ కౌంటీ పొలాల్లో పుట్టి డన్‌బాయిన్, క్లోనీ, గ్లాస్‌నెవిన్, డ్రమ్‌కొండ్ర మీదుగా 30 కిలోమీటర్ల పైచిలుకు నడిచి డబ్లిన్ అఖాతంలో కలిసే చిన్న ఏరు ఇది. మామూలు రోజుల్లో చూస్తే ఆ పేరు దీనికెందుకా అనిపిస్తుంది. కానీ 1954 డిసెంబరులో ఇదే ఏరు ఈస్ట్ వాల్ దగ్గర రైలు వంతెనను కూల్చేసింది, డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లే రైలు దారి తెగిపోయింది. 2002 నవంబరులో మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. పేరు పెట్టిన పాతవాళ్లకు దీని గుణం బాగా తెలుసు.

తెలుగులో చెప్పాలంటే 'వరద' అనబుద్ధి కాదు నాకు. వరద అనగానే నష్టం లెక్కలు గుర్తొస్తాయి. 'వెల్లువ'లో నీళ్ల ఉరవడి వినిపిస్తుంది. 'వెల్లివిరిసింది' అంటామే, అందులోని 'వెల్లి' కూడా ఆ పొంగే. ఇప్పుడు వెల్లువ అంటే అభినందనల వెల్లువ, విరాళాల వెల్లువ, అంతే. నీళ్లకు ఆ మాట వాడటం తగ్గిపోతోందని నిజంగా బాధ.

ఒకరి జవాబు: బాగుందండీ. కానీ అంత చిన్నదాన్ని ఏరు అనడం ఎందుకు, వాగు అనొచ్చుగా?

నా జవాబు: అనొచ్చండీ, తప్పులేదు. నా చెవికి మాత్రం వాగు అంటే వానకు పొంగి ఎండకు ఇసుక తేలేది. టోల్కాలో ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. అయినా చిన్నదని ఏరు కాకుండా పోదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు పేరులో ఉన్నదీ ఏరే కదా.

ఇంకో మాట చెప్పాలి. గ్లాస్‌నెవిన్‌లో 1795లో పెట్టిన బొటానిక్ గార్డెన్స్ అంచునే టోల్కా పారుతుంది. అక్కడ నారాయణపక్షి గట్టున కదలకుండా నిలబడుతుంది, లకుముకి పిట్ట నీలంగా మెరిసి మాయమవుతుంది. ఒక ఉదయం నీళ్ల మీద వరసగా బుడగలు లేచాయి. వాటి వెనకాలే చదునైన తల, తడిసి అట్టకట్టిన మీసాలు, నోట్లో చేప. పక్కనున్న పెద్దాయన మెల్లగా 'మద్రా ఇష్క' అన్నారు. మద్రా అంటే కుక్క, ఇష్క అంటే నీళ్లు. అచ్చం మన నీటికుక్క, ఇంగ్లీషులో ఆటర్! (విస్కీ అన్న మాట కూడా ఈ ఇష్కలోంచి వచ్చిందే.) ఒకరినొకరు ఎరగని రెండు భాషలు ఒకే జంతువుకు ఒకే పేరు పెట్టుకోవడం చూసి ఒళ్లు పులకరించింది.

కృష్ణా, గోదావరి లంకల వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ వైపు నీటికుక్కకు ఇంకేదైనా పేరుందా?